బ్యాంకాక్‌లో పదమూడు గంటలు

విమానాలు ఇంకా బేగంపేటలోనే దిగుతున్న రోజులవి. మా స్కూలు తరఫున నన్ను మనీలాలో టీచర్ల శిక్షణకు పంపుతున్నారని తెలిసినప్పుడు ఇంట్లో అందరికన్నా ఎక్కువ సంతోషపడింది మా నాన్న. అందరికన్నా ఎక్కువ భయపడింది నేను. భయం మనీలా గురించి కాదు. టికెట్టు మీద మధ్యలో బ్యాంకాక్ అని ఉంది. శనివారం పొద్దున ఆరింటికి అక్కడ దిగుతాను, సాయంత్రం ఏడింటికి ఇంకో విమానం ఎక్కుతాను. నడుమ పదమూడు గంటలు. ఆ ఊళ్లో, నదికి అవతలి ఒడ్డున, మా చిన్నాన్న ఉన్నాడు.

నాన్నకు ఉన్నది ఒక్కడే తమ్ముడు. ఆ ఒక్కడితో ఆయన పదహారేళ్లుగా మాట్లాడలేదు.

మా వాళ్లు గుంటూరు వైపు నుంచి ఉద్యోగాల కోసం వచ్చి సీతాఫల్‌మండిలో ఉండిపోయినవాళ్లు. నాన్న రైల్వేలో కంట్రోలరు. ఏ బండి ఎక్కడ ఆగాలి, ఏ బండి దేనికి దారివ్వాలి అని ముప్పై ఏళ్లు ఫోన్లో చెప్పి చెప్పి, ఇంట్లో ఉప్పు అందించమన్నా అదే గొంతుతో అడిగేవారు. రిటైరయ్యాక ఆ గొంతు పూర్తిగా మా చర్చికి దక్కింది. సంఘానికి ఆయన కార్యదర్శి. ఆదివారం ఆరాధనలో ప్రకటనలూ ప్రార్థన అంశాలూ చదివేది ఆయనే.

చిన్నాన్న పెళ్లి కాకముందు మా ఇంట్లోనే ఉండి మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాడు. నాకు సైకిల్ తొక్కడం నేర్పింది ఆయనే, నాన్న కోపంగా ఉన్నప్పుడు ఎదురు పడకుండా పెరటి గుమ్మంలోంచి ఇంట్లోకి రావడం నేర్పిందీ ఆయనే. నాకు పదమూడేళ్లప్పుడు బ్యాంకాక్‌లో ఒక బడిలో ఉద్యోగం దొరికి వెళ్లాడు. ఏడాది తిరక్కుండానే తనతో పనిచేసే అమ్మాయిని వాళ్ల బౌద్ధ పద్ధతిలో పెళ్లి చేసుకున్నాడు. మా సంఘం నియమావళిలో దానికో రూలుంది. అలాంటివాళ్ల పేరు రిజిస్టరులోంచి తీసేస్తారు, ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి వాళ్లకిక చోటుండదు. ఆ సంగతి తెలియజేస్తూ ఉత్తరం రాయాల్సింది కార్యదర్శి. సొంత తమ్ముడు కదా, ఇంకెవరితోనైనా సంతకం పెట్టిద్దామని పాస్టరుగారు అన్నారట. రూలు అందరికీ ఒకటేనని నాన్నే రాసి, నాన్నే సంతకం పెట్టి, నాన్నే పోస్టు చేశారు. నాలుగు లైన్ల ఉత్తరం. కింద ‘మీ అన్న’ అని లేదు, ‘కార్యదర్శి’ అని ఉంది.

చిన్నాన్న మాత్రం మా స్కూలు అడ్రసుకు నాకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. ఫోన్లు చవకైన తర్వాత, శనివారాలు నాన్న మోండా మార్కెట్‌కు కూరగాయలకు వెళ్లే గంటన్నరలో నేను బూత్‌కు పరిగెత్తేదాన్ని. టికెట్టు సంగతి చెప్పింది కూడా అలాంటి ఒక శనివారమే.

“పన్నెండున్నర దాటాక ఇంటికి రా” అన్నాడు చిన్నాన్న. “పొద్దున ఆసుపత్రిలో ఉంటా. వారానికి మూడు రోజులు రక్తం కడుగుతారే నాకు. మంగళ, గురు, శని.”

అప్పటికి రెండేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నాడట. అన్ని ఉత్తరాల్లో ఒక్క ముక్క రాయలేదు. నేను బూత్‌లో ఉన్న స్టూలు మీద కూర్చున్నాను.

“అన్నకి చెప్పమాక. చెప్తే జాలిపడతాడు. జాలిపడి ఫోన్ చేస్తాడు. అట్టా వచ్చే మాట నాకొద్దు. చెప్పావా, ఇక నువ్వూ రావొద్దు.”

చెప్పనన్నాను. ఆయన ఇక ఈ దేశం రాలేడు. నాకు మళ్లీ ఇలాంటి ప్రయాణం ఎవరిస్తారు? చూడగలిగితే ఆ శనివారమే చూడాలి, లేదంటే లేదు.

మార్కెట్ పక్క సందులో టికెట్లు బుక్ చేసే అతను ఒక్కడే నాకు ధైర్యం చెప్పాడు. “పరేషాన్ గాకుండ్రి మేడం. ఆడ దిగినంక వీసా ఇస్తరు. రెండు ఫోటోలు, ముందుకు పోయే టికెట్ సూపెడితె చాలు. కాకపోతె లైన్ మస్తు పెద్దగుంటది, జెర ఓపిక పట్టాలె.” నేను ఒక నోటుబుక్కులో ప్లాన్ రాసుకున్నాను. పొద్దున పడవెక్కి నది మీద తిరగడం, రెండు గుళ్లు చూడడం, పన్నెండూ ముప్పావుకు చిన్నాన్న ఇల్లు, మూడింటికి బయల్దేరి నాలుగున్నరకు విమానాశ్రయం. గుళ్లూ నదీ ఎందుకంటే, తిరిగొచ్చాక నాన్న అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

అమ్మకు మాత్రం కలవబోతున్నానని చెప్పాను. చిన్నాన్నకిష్టమైన గోంగూర పచ్చడి అమ్మ సాయం లేకుండా ఎలా తీసుకెళ్తాను? జబ్బు సంగతి అమ్మకీ చెప్పలేదు. “నాన్నకి తెలియకూడదు” అన్నాను. “నేనెందుకు చెప్తానే?” అంది అమ్మ, నిజంగానే నొచ్చుకుని.

మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఒకరి సంగతి ఇంకొకరికి ఊరికే చెబితే అది చాడీ. ప్రార్థన చేయమని చెబితే అది భారం పంచుకోవడం. కొంపలు ముంచే రహస్యాలన్నీ మా దగ్గర ఈ రెండో దారిలోనే తిరుగుతాయి. గురువారం స్త్రీల సమాజంలో అమ్మ నా ప్రయాణాన్ని ప్రార్థనకు పెట్టింది. పేర్లు చెప్పలేదట. పేర్లు చెప్పకపోతే ఎవరికీ తెలియదని ముప్పై ఏళ్లుగా ఒకే బెంచీ మీద కూర్చుంటున్న ఆడవాళ్ల గురించి ఆమె ఎలా అనుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సమాజం అధ్యక్షురాలు దాన్ని శ్రద్ధగా చీటీ మీద రాసి, మిగతా చీటీలతో కలిపి ఆదివారం పొద్దున కార్యదర్శికి పంపింది.

నా ప్రయాణానికి ఇంకా అయిదు రోజులున్నాయి. నాన్న లేచి కళ్లజోడు సర్దుకుని చీటీలు చదవడం మొదలుపెట్టారు. బొల్లారంలో ఒకాయన మోకాలి ఆపరేషన్. ఎవరి పిల్లవాడికో పదో తరగతి పరీక్షలు. మూడో చీటీ.

“విదేశీ ప్రయాణం చేయబోవుచున్న ఒక సహోదరి, పదహారేళ్లుగా కుటుంబానికి దూరమైన తన చిన్నాన్నను దారిలో కలుసుకొనబోవుచున్నది.”

అక్కడ ఆగారు. నా పక్కన అమ్మ పాటల పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుంది. అందరి తలలూ వంగే ఉన్నాయి, కానీ ఒక్కరు కూడా ప్రార్థన చేయడం లేదని నాకు తెలుసు. నాన్న చీటీ పక్కన పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు. మొదలుపెట్టిన లైను మధ్యలో వదలడం ఆయన జీవితంలో లేదు.

“ఆ కలయిక సఫలమగునట్లును, అన్నదమ్ములు సమాధానపడునట్లును ప్రార్థించుదము” అని బండి నంబరు చెప్పినట్టు చదివి, నాలుగో చీటీ తీశారు.

ఇంటికొచ్చాక అమ్మ వంటింట్లోకి, నేను నా గదిలోకి దూరాం. నాన్న కోడికూరతో అన్నం తిన్నారు, పేపరు చదివారు, పడుకున్నారు. ఒక్క మాట లేదు. సోమవారం లేదు, మంగళవారం లేదు. తిడితే ఎదురు తిట్టడానికి నా దగ్గర పదహారేళ్ల సరుకు సిద్ధంగా ఉంది. తిట్టకపోతే ఏం చేయను? అమ్మ మీద విరుచుకుపడ్డాను. “ప్రార్థనకిచ్చానే గానీ ఎవరికన్నా చెప్పానా?” అని ఆమె కళ్లొత్తుకుంది. ఆ మాటకు ఏడవాలో నవ్వాలో తెలియక గదిలోకి వచ్చి పెట్టె సర్దుకున్నాను.

బుధవారం సాయంత్రం నాన్న భోజనాల బల్ల మీద గళ్ల కాగితం పరిచి, స్కేలూ రంగు పెన్సిళ్లూ పెట్టుకుని నన్ను పిలిచారు.

“నీ ప్లాన్ ఏదీ?”

నోటుబుక్కు ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు.

“ఇది టైంటేబుల్ కాదమ్మా. కోరికల జాబితా.”

కంట్రోల్ ఆఫీసులో గీసినట్టే గీయడం మొదలుపెట్టారు. కాగితం పైన గంటలు, ఎడమ పక్కన వరుసగా స్టేషన్లు. విమానాశ్రయం, పడవల రేవు, ఇల్లు. మనిషి కదిలితే గీత ఏటవాలుగా పోతుంది, ఎక్కడైనా ఆగితే ఆగినంతసేపూ అడ్డంగా సాగుతుంది. వీసా లైనుకు నేను అరగంట రాస్తే ఆయన గంటన్నర గీశారు. “పడవ కోసం నిలబడే టైం ఏదీ? అది నీకోసం ఆగి ఉంటుందా? తిరిగొచ్చేటప్పుడు రోడ్డు మీద బండ్లు ఆగిపోతే?” అంటూ ప్రతిదానికీ అదనంగా కలుపుతూ పోయారు. అడిగినవన్నీ న్యాయమైనవే. కానీ ఆయన పెన్సిలు కదిలిన ప్రతిసారీ చిన్నాన్న ఇంటి దగ్గరి అడ్డగీత పొట్టిదవుతోంది. చివరికి పన్నెండూ ముప్పావు నుంచి ఒంటిగంటా నలభై దాకా మిగిలింది.

“యాభై అయిదు నిమిషాలు” అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. “పదహారేళ్లకు యాభై అయిదు నిమిషాలా? ఇష్టం లేకపోతే వెళ్లొద్దని సూటిగా చెప్పండి నాన్నా. రూళ్లు చూపించి మనుషుల్ని తీసేయడం మీకు కొత్త కాదుగా!”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆయనతో అలాంటి మాట నేను అంతకుముందు ఎప్పుడూ అనలేదు. చెంప మీద కొడతారేమోనని కూడా అనిపించింది, ముప్పై ఏళ్లదాన్ని. ఆయన తలెత్తలేదు. పెన్సిలు మొన పన్నెండూ ముప్పావు దగ్గర ఆనించి ఉంచారు.

“తొమ్మిదింటికల్లా ఊళ్లో ఉంటావు. పన్నెండూ ముప్పావు దాకా పడవల్లో తిరగడమేంటి?”

“నది చూద్దామని.”

“చిన్నాన్నని చూడ్డానికి పోయేదానివి నది చూస్తూ కూర్చోవు. శనివారం బడి ఉండదు. పొద్దున్నుంచి వాడెక్కడుంటాడు?”

“ఏదో పనుందట.”

“ఊరికే ఏ బండీ నాలుగు గంటలు నిలబడదు” అన్నారు నాన్న. “ఏం పని?”

నేను చిన్నాన్నకు ఇచ్చిన మాట తలుచుకున్నాను. ఇంకో అబద్ధం చెప్పొచ్చు. కానీ కాగితం మీద ఆ నాలుగు గంటల ఖాళీ మా ఇద్దరి మధ్యా పరిచి ఉంది. అబద్ధాలతో అలిసిపోయాను కూడా.

“ఆసుపత్రిలో ఉంటాడు. కిడ్నీలు పోయాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్.”

వంటింటి గుమ్మంలో అమ్మ “ప్రభువా” అంది. నాన్న పెన్సిలు కింద పెట్టారు.

“ఎన్నాళ్ల నించి?”

“రెండేళ్లు దాటింది.”

“నాకు చెప్పొద్దన్నాడా?”

“చెప్తే నన్ను కూడా రావొద్దన్నాడు.”

ఆయన లేచి స్నానాల గదిలోకి వెళ్లారు. కుళాయి చాలాసేపు ఒకటే ధారగా పారింది. నేను మాట తప్పినదాన్నని, ఇక చిన్నాన్నను చూడనేమోనని ఏడుపు వచ్చింది. దానితో పాటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, గుండె మీద బరువు దిగినట్టు తేలిగ్గా కూడా అనిపించింది.

నాన్న వచ్చి కొత్త కాగితం పరిచారు. కనురెప్పలు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

“ఆ ఆసుపత్రి ఏ ఒడ్డున?”

“తెలీదు.”

“కనుక్కో. ఇంటికి పోవద్దు. గుళ్లూ వద్దు. దిగి నేరుగా ఆసుపత్రికి పో. తొమ్మిదింటి నించి పన్నెండు దాకా వాడు మంచం దిగడు. ఇంతకంటే టైం నీకు ఎక్కడ దొరుకుతుంది? ఇంటికొచ్చాక అలిసిపోయి ఉంటాడు, మాట్లాడించకూడదు.”

గీత గీశారు. ఆసుపత్రి దగ్గర అది మూడు గంటల పొడుగున అడ్డంగా సాగింది. అంత తేలికైన దారి నాకెందుకు తట్టలేదో అని ఆశ్చర్యపోతూ చూస్తున్నాను. అప్పుడాయన కాగితం అడుగున, స్టేషన్ల వరసలో ఆఖరుగా ‘సీతాఫల్‌మండి’ అని రాశారు. అక్కడి నుంచి ఒక చుక్కల గీత పైకి తీసుకెళ్లి, పదిన్నర దగ్గర నా గీతకు కలిపారు.

“ఇదేంటి?”

“అక్కడ పదిన్నరంటే ఇక్కడ తొమ్మిది. బూత్ తొమ్మిదింటికి తీస్తారు. పదిహేను నిమిషాలు చాలు. వాడి సెల్ నంబరు రాసివ్వు.”

“ఆయన మీతో మాట్లాడడు నాన్నా.”

“లేచి పోలేడు కదా” అన్నారు. తర్వాత “ఫోన్ నువ్వే వాడి చెవి దగ్గర పెట్టు” అన్నారు. ఇది ఆజ్ఞ కాదని, అడుగుతున్నారని నాకు అర్థమవడానికి ఒక నిమిషం పట్టింది.

మర్నాడు సాయంత్రం బూత్ నుంచి చిన్నాన్నకు ఫోన్ చేశాను. ఆసుపత్రి పేరు అడగ్గానే ఆయన గ్రహించాడు.

“చెప్పేశావా?”

“చెప్పేశాను.”

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేశాను, తీయలేదు. నాలుగుసార్లు చేశాను. ఇంటికొచ్చి నాన్నతో లైన్ దొరకలేదని చెప్పాను. ఆయన నమ్మలేదనుకుంటాను. శుక్రవారం మధ్యాహ్నం దాకా నాకు వెళ్లడానికి ఊరు ఉంది, చేరడానికి చోటు లేదు. ఆఖరి పీరియడ్‌కు ముందు స్కూలు ఆఫీసులో నాకు ఫోనొచ్చిందన్నారు. నేను ఎప్పుడూ చూడని మా పిన్ని. ఆసుపత్రి పేరు, దిగాల్సిన రేవు పేరు ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. ఆయన కోపంగా ఉన్నాడని ఆగి ఆగి ఇంగ్లీషులో అంది. “అయినా నువ్వు రా” అంది.

వీసా లైన్లో గంటా ఇరవై నిమిషాలు నిలబడ్డాను. బస్సులో, తర్వాత పడవలో, ఆ గోధుమరంగు నీళ్లనూ పక్కనుంచి పోయే పొడుగాటి పడవలనూ ఒక్కదాన్నీ సరిగా చూడలేదు, వాచీయే చూశాను. తొమ్మిదీ పదికి ఆసుపత్రి మూడో అంతస్తులో ఉన్నాను. వరుసగా మంచాలు, ప్రతి మంచం పక్కనా ఒక యంత్రం. కిటికీ పక్క మంచం మీద చిన్నాన్న. ఆయన్ని చిన్నాన్న అని పోల్చుకోవడానికి నాకు కొంచెం టైం పట్టింది. ఎడమ చేతిలోంచి ఎర్రటి గొట్టాలు రెండు యంత్రంలోకి పోతున్నాయి. నన్ను చూసి ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

గంటసేపు నేనే మాట్లాడాను. సీతాఫల్‌మండి గురించి, మా బడి పిల్లల గురించి, అమ్మ చీటీ గురించి. చీటీ దగ్గర ఆయన భుజం కదిలింది. నవ్వాడో ఏమో. ముఖం మాత్రం తిప్పలేదు. పదీ ఇరవై అయిదుకు నా నోరు ఎండిపోయి మాటలు ఆగిపోయాయి.

పదిన్నరకు దిండు పక్కన ఆయన ఫోన్ మోగింది. తల తిప్పి నంబరు ముందున్న మన దేశం అంకెలు చూశాడు.

“తియ్యమాక” అన్నాడు.

తీశాను. చెవి దగ్గర పెట్టాను. గొట్టాలు లేని చెయ్యి ఖాళీగానే ఉంది, తోసేయొచ్చు. చెయ్యి పైకి లేచింది, మళ్లీ దుప్పటి మీద పడింది. నాన్న ఏమన్నారో నాకు వినపడలేదు. చిన్నాన్న చాలాసేపు పైకప్పు చూస్తూ ఉన్నాడు. తర్వాత “ఊ” అన్నాడు. ఇంకాసేపటికి మళ్లీ “ఊ.” ఆ తర్వాత “అట్టా అనమాక అన్నా” అన్నాడు. “సంతకం నువ్వు పెట్టినందుకు కాదు. ఉత్తరం వెనకాల ఒక్క ముక్క రాస్తావేమోనని తిప్పి చూశా. అంతే.”

పదిహేను నిమిషాలు దాటాయి, ఇరవై దాటాయి. నర్సు వచ్చి యంత్రం చూసి వెళ్లింది. నా చెయ్యి తిమ్మిరెక్కినా ఫోన్ జరపలేదు. అప్పుడు చిన్నాన్న నా వైపు చూశాడు, ఆ పొద్దున మొదటిసారి.

“మీ నాన్న ఏడుస్తున్నాడే. ఊరుకోబెట్టడం నాకు చేతకావట్లా. నువ్వు చెప్పు.”

నాకూ చేతకాలేదు.